షెడ్డు మీంచి దూకినవాడు



వేసవి సెలవుల్లో మా ఊరి బావిలో ఈతకు దిగేవాళ్ళం. నాలాంటివాళ్ళు మెట్ల మీద కూర్చుని ముందు కాళ్ళు తడుపుకుని, తర్వాత నడుం దాకా దిగి, ఎవరూ చూడనప్పుడు ముక్కు మూసుకుని మునిగేవాళ్ళం. ఇంకొందరు గట్టు మీంచి దూకేవాళ్ళు. ఒక్కడు మాత్రం మోటరు షెడ్డు పైకప్పు ఎక్కి అక్కణ్ణుంచి దూకేవాడు. రెండుసార్లు దూకాక వాడికి ఆ షెడ్డు కూడా విసుగొచ్చేది. పక్కనున్న చింతకొమ్మ ఎక్కేవాడు. మా అందరికన్నా ముందు సైకిలు చేతులొదిలేసి తొక్కింది వాడే. ఇంట్లో చెప్పకుండా లారీ ఎక్కి హైదరాబాదు పోయింది వాడే. పదిహేనో ఏట జాతరలో పందెం కట్టి సారా తాగిందీ వాడే. నలభై దాటేసరికి పొద్దున లేవగానే వాడి చేతులు వణికేవి.

దానికి ఊళ్ళో ఒకటే మాట. "వాళ్ళ నాయన తాగలేదూ? ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా?"

నేను కాలేజీలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ సామెత విన్నప్పుడల్లా ఒక సందేహం వచ్చేది. దూడ ఆవును చూసి నేర్చుకుందా, లేక ఆ మేత మీద యావతోనే పుట్టిందా? సామెత రెంటినీ కలిపి కట్టేసింది. తేల్చాలంటే దూడను పుట్టగానే తీసుకెళ్ళి ఇంకొకరి కొట్టంలో కట్టి పెంచి చూడాలి. మనుషుల్లో ఆ పని ఎవరూ కావాలని చెయ్యరు గానీ, దత్తత పేరుతో లోకంలో జరుగుతూనే ఉంటుంది. దత్తతల రికార్డులు జాగ్రత్తగా దాచిన దేశం డెన్మార్కు. అమెరికన్ వైద్యుడు డొనాల్డ్ గుడ్విన్, ఆయన సహచరులు అక్కడ వెతికి 1973లో లెక్క చెప్పారు. కన్నతల్లిదండ్రుల్లో ఒకరు తాగుడుకు బానిసై, పుట్టిన కొద్ది వారాలకే బయటివాళ్ళకు దత్తత వెళ్ళిపోయిన మగపిల్లలు పెద్దయ్యాక నూటికి 18 మంది తాగుడు వ్యసనంలో పడ్డారు. కన్నవారికి ఆ వ్యసనం లేని దత్తపుత్రుల్లో అది నూటికి 5. రమారమి నాలుగు రెట్లు. ఆవును ఒక్కరోజైనా చూడని దూడ కూడా చేలోకి వెళ్ళింది.

అయితే రక్తంలో దిగివచ్చేది ఏమిటి? బ్రాందీ మీద మోజా? ఆ మోజు పుట్టుకతో ఎవరికీ రాదు. మొదటి గుక్క అందరికీ చేదే. వచ్చేది ఇంకేదో. అదేమిటో కనిపెట్టే దారిలో ఒక చీకటి గది ఉంది, ముందు అక్కడికి వెళ్దాం.

1950ల చివర్లో అమెరికాలో మార్విన్ జుకర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మనుషుల్ని వెలుతురూ చప్పుడూ లేని గదిలో గంటల తరబడి పడుకోబెట్టి ఏమవుతుందో చూసేవాడు. ఏమీ జరగని గదిలో కొందరు హాయిగా ఉంటే, కొందరు కాసేపటికే గిలగిల్లాడిపోయేవారు. మనిషికీ మనిషికీ ఇంత తేడా ఎందుకన్నది ఆయన్ని పట్టుకుంది. 1964లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. కొత్తదనం, ఉద్వేగం, తీవ్రమైన అనుభవం, వీటి కోసం ఒంటికీ పరువుకూ పర్సుకూ ముప్పు వచ్చినా సరేననే స్వభావాన్ని అది కొలుస్తుంది. మన పల్లెల్లో దీనికి చక్కటి మాట ఉంది, దూకుడు. నేనూ అదే వాడతాను.

జుకర్‌మన్ ఈ దూకుడులో నాలుగు పాయలున్నాయన్నాడు. కొండలెక్కడం, పైనుంచి దూకడం లాంటి సాహసాల మీద ఇష్టం ఒకటి. కొత్త ఊళ్ళు, కొత్త సంగీతం, కొత్త మనుషుల మీద ఇష్టం ఇంకొకటి. మూడోది కట్టు తెంచుకోవాలనే తహతహ, అంటే నలుగురిలో ఆపు లేకుండా చిందులేయాలనిపించడం. నాలుగోది విసుగును భరించలేకపోవడం. తాగుడుతో వీటికి ఎంత సంబంధం ఉందో పరిశోధకులు 61 అధ్యయనాల్ని కలిపి చూసి 2006లో చెప్పారు. సంబంధం ఉంది, మరీ పెద్దది కాదు. నాలుగు పాయల్లో తాగుడుతో గట్టిగా ముడిపడింది మూడోది, ఆ కట్టు తెంచుకునే గుణం. కొండలెక్కే సరదాకు అంత ముడి లేదు. ఇది గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు స్వీడన్. రాబర్ట్ క్లోనింజర్ అనే అమెరికన్ మానసిక వైద్యుడు స్వీడన్ శాస్త్రవేత్తలతో కలిసి స్టాక్‌హోమ్ దత్తత రికార్డులు తిరగేశాడు. తాగుడు వ్యసనంలో రెండు రకాలున్నాయని 1981లో ప్రతిపాదించాడు. ఒక రకం మనిషి పాతికేళ్ళు దాటాక, దిగులు మరిచిపోవడానికో బెరుకు పోగొట్టుకోవడానికో మొదలుపెడతాడు. తాగినందుకు తర్వాత కుమిలిపోతాడు. రెండో రకంవాడు పాతికేళ్ళ లోపే మొదలుపెడతాడు, కిక్కు కోసం. గొడవలు, పోలీసు కేసులు వెంటే వస్తాయి. ఈ రెండో రకం తండ్రి నుంచి కొడుక్కు దిగుతుందనీ, పెంపుడు ఇల్లు ఎలాంటిదన్నది పెద్ద తేడా తీసుకురాదనీ ఆయన వాదన. తర్వాతివాళ్ళు ఈ గీత అంత శుభ్రంగా లేదన్నారు. నిజమే, మన వీధిలో చూసినా కిక్కు కోసం మొదలుపెట్టి దిగులు కోసం కొనసాగించేవాళ్ళే ఎక్కువ. కానీ 1988లో క్లోనింజర్ బృందం చెప్పిన ఇంకో సంగతి నన్ను కదిలించింది. 431 మంది స్వీడన్ పిల్లల్ని పదకొండేళ్ళ వయసులో వాళ్ళ టీచర్లు ఎలా వర్ణించారో దాచిపెట్టి, అదే పిల్లలు ఇరవయ్యేడేళ్ళకు ఎలా ఉన్నారో చూశారు. కొత్తదానికి ఎగబడే, దెబ్బ తగులుతుందన్న జంకు లేని పిల్లలు చిన్న వయసులోనే తాగుడులో పడే అవకాశం మిగతావారికన్నా బాగా ఎక్కువని తేలింది. పదకొండేళ్ళు అంటే మావాడు షెడ్డు ఎక్కిన వయసు.

కవలల మీద జరిగిన అధ్యయనాలు ఈ లెక్కను ఇంకో వైపు నుంచి చూపించాయి. మనుషుల దూకుడులో ఉండే హెచ్చుతగ్గుల్లో సగం పైచిలుకు వారసత్వం వల్లనేనంటారు. తాగుడు వ్యసనంలోనూ రమారమి సగమే. ఈ సగాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒక మనిషి తాగుడులో సగం వాళ్ళ నాయనది, సగం వాడిదని కాదు దాని అర్థం. జనం మొత్తంలో ఒకరికీ ఇంకొకరికీ ఉన్న తేడా గురించిన లెక్క అది. ఫలానా సుబ్బారావు గురించి అది ఏమీ చెప్పదు.

సరే, వారసత్వమంటే జీన్లే కదా, ఆ జీను ఏది? ఇక్కడ నేను నా పాత విద్యార్థులకు ఒక క్షమాపణ చెప్పుకోవాలి. 1990లో అమెరికాలో 35 మంది తాగుబోతుల మెదళ్ళనూ 35 మంది ఇతరుల మెదళ్ళనూ పరీక్షించి, డోపమైన్ అనే రసాయనాన్ని అందుకునే ఒక గ్రాహకం జీనులో తేడా పట్టుకున్నామన్నారు. తాగుడు జీను దొరికిందని పత్రికలు రాశాయి. 1996 జనవరిలో ఒకటి ఇజ్రాయెల్‌లో, ఒకటి అమెరికాలో, రెండు బృందాలు ఇంకో డోపమైన్ గ్రాహకానికీ కొత్తదనం కోరే స్వభావానికీ ముడి వేశాయి. నేను ఆ సంవత్సరం నల్లబల్ల మీద దాన్ని పెద్దక్షరాలతో రాసి గంటసేపు పాఠం చెప్పాను. తర్వాత ఎవరెవరో మళ్ళీ మళ్ళీ చేసి చూస్తే ఒకసారి కనబడింది, ఇంకోసారి మాయమైంది. 1990 నాటి ఆ తేడా ఉన్న చోటు అసలు ఆ గ్రాహకం జీనులోనే లేదు, పక్క జీనులో ఉందని తర్వాత బయటపడింది. నా పాఠం విని పరీక్ష రాసినవాళ్ళంతా ఇప్పుడు యాభైకి దగ్గరవుతూ ఉంటారు. ఆ పేజీ కొట్టేసుకోండి నాయనా.

డెబ్బై మందితో తేలే విషయం కాదిది. 2019లో వచ్చిన అధ్యయనం పది లక్షల మందికి పైగా మనుషుల డి.ఎన్.ఎ.ను జల్లెడ పట్టింది. ముప్పుకు వెరవని స్వభావంతో ముడిపడిన 99 చోట్లు దొరికాయి. వాటిలో ఒకటి మూడో క్రోమోజోము మీద ఉన్న సి.ఎ.డి.ఎం.2 అనే జీను. నాడీకణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటంలో దానికి పాత్ర ఉంది. వేరే పెద్ద అధ్యయనాల్లో ఎంత తాగుతారన్న దానితోనూ ఇదే జీను ముడిపడింది. అంటే దూకుడుకూ తాగుడుకూ వేళ్ళు కొంతమేర ఒకే మట్టిలో ఉన్నాయన్నమాట. పాతికేళ్ళుగా ఊరించిన డోపమైన్ జీన్లు మాత్రం ఈ జల్లెడలో ప్రత్యేకంగా నిలవలేదు. ముందుకు వచ్చినవి మెదడులో కణాల్ని రెచ్చగొట్టే గ్లూటమేట్, శాంతపరిచే గాబా, ఈ రెండు రసాయనాలకు సంబంధించినవి. మద్యం మెదడులోకి వెళ్ళి ప్రధానంగా తారుమారు చేసేవీ ఈ రెంటినే.

ఇన్ని చోట్లు దొరికినా, వాటన్నిటినీ కూడి లెక్కకట్టినా మనుషుల దూకుడులోని తేడాల్లో రెండు శాతమైనా వివరించలేకపోయారు. ఒక్కో జీను వంతు ఇసుకరేణువంత. కాబట్టి ఉమ్మి పంపండి, మీ అబ్బాయి తాగుబోతు అవుతాడో లేదో చెబుతామని ఎవరైనా అంటే, ఆ డబ్బుతో వాడికి క్రికెట్ బ్యాటు కొనిపెట్టండి.

మెదడు సంగతికి వద్దాం. మెదడు నడిమి భాగంలోంచి డోపమైన్ బయల్దేరి ముందుకు వెళ్ళి, ఇది బాగుంది, ఇంకా కావాలి అనే భావాన్ని రేపుతుంది. ఈ ప్రవాహం అతిగా కాకుండా ఆపే గ్రాహకాలు దాని మొదట్లోనే ఉంటాయి, ఎద్దుకు ముకుతాడులాగ. కొత్తదనం కోసం ఎక్కువ తహతహలాడే మనుషుల్లో ఆ చోట అందుబాటులో ఉన్న ఈ గ్రాహకాలు తక్కువని 2008లో స్కానింగుల ద్వారా అమెరికాలో చూపారు. ముకుతాడు వదులుగా ఉందన్నమాట. రెండో అదుపు నుదుటి వెనక ఉంటుంది. ఆగి, ఆలోచించి, వద్దులే అనుకోవడం ఆ భాగం పని. అది పూర్తిగా పండేది పాతికేళ్ళ వయసుకు. కావాలనిపించే భాగం మాత్రం పదమూడు, పధ్నాలుగేళ్ళకే పరవళ్ళు తొక్కుతుంది. ఆ పదేళ్ళ సందు ప్రతి ఇంట్లోనూ ఉండేదే. దూకుడు పిల్లల ఇంట్లో ఆ సందు మరీ వెడల్పు. 2016లో వెయ్యీ రెండువందల మందికి పైగా యువతీయువకుల మెదళ్ళను కొలిస్తే, అదుపు పనిలో ఉండే కొన్ని చోట్ల పైపొర పలచగా ఉన్నవారిలో దూకుడూ ఎక్కువ, తొందరపాటూ ఎక్కువ, మద్యం సిగరెట్ల వాడకమూ ఎక్కువ.

మీకు వెంటనే ఒక అనుమానం రావాలి. పొర పలచబడింది కాబట్టి తాగారా, తాగారు కాబట్టి పలచబడిందా? ఇంకా గుక్క ముట్టని పిల్లల్ని చూస్తే కదా తెలిసేది. హెన్రీ బెగ్లైటర్ అనే శాస్త్రవేత్త న్యూయార్కులో ఆ పనే చేశాడు. ఒకే రకం బొమ్మల మధ్య అరుదుగా వేరే బొమ్మ చూపిస్తే, సెకనులో దాదాపు మూడో వంతు గడిచేసరికి మన మెదడులో ఒక విద్యుత్తు అల లేస్తుంది. తాగుడు వ్యసనం ఉన్న తండ్రుల కొడుకుల్లో, ఏడు నుంచి పదమూడేళ్ళ పిల్లల్లో, ఎన్నడూ మద్యం రుచి చూడనివాళ్ళలో ఆ అల చిన్నదిగా ఉందని 1984లో చెప్పాడు. మన దగ్గర బెంగళూరు నిమ్‌హాన్స్‌లో వివేక్ బెనెగల్ బృందమూ ఇదే దారిలో వెళ్ళింది. నిమ్‌హాన్స్ రాయలసీమవాళ్ళకు కొత్త కాదు, ఇంట్లో ఎవరికి మనసు బాగాలేకపోయినా రైలెక్కేది అక్కడికే. ఆ బృందం తాగుడు వ్యసనం ఉన్న కుటుంబాల్లోంచి ఇంకా తాగడం మొదలుపెట్టని కుర్రాళ్ళను తీసుకుని మెదడు స్కాన్ చేసింది. కొన్ని భాగాల పరిమాణం తక్కువగా ఉంది. ఆ తక్కువదనం ఎంత ఉంటే చిన్నప్పటి అల్లరీ, నిలకడలేనితనమూ అంత ఎక్కువ. ఇది 2007 నాటి మాట. సీసా మూత తియ్యకముందే తేడా ఉందన్నమాట.

ఇంకో సంగతి ఉంది, మన మగవాళ్ళంతా వినాల్సింది. ప్రతి స్నేహితుల గుంపులోనూ "వాడికి ఎంత తాగినా ఎక్కదురా" అని మెచ్చుకోబడే మనిషి ఒకడుంటాడు. అందర్నీ ఇళ్ళ దగ్గర దింపే బాధ్యత కూడా వాడిదే. శాన్‌డియాగోలో మార్క్ షుకిట్ అనే వైద్యుడు ఇరవయ్యేళ్ళ యువకులకు కొలిచి మద్యం తాగించి, ఎవరు తూలారు, ఎవరు తూలలేదు అని రాసుకున్నాడు. పదేళ్ళ తర్వాత వెళ్ళి చూశాడు. తాగుడు వ్యసనం ఉన్న తండ్రుల కొడుకుల్లో, ఆనాడు పెద్దగా ఎక్కనివాళ్ళలో నూటికి 56 మంది వ్యసనంలో పడ్డారు. బాగా ఎక్కినవాళ్ళలో 14 మందే. ఎక్కకపోవడం మగతనం గుర్తు అనుకుంటున్నాం గానీ, చాలించమని చెప్పే గంట వాడి ఒంట్లో మోగడం లేదంతే. మావాడు కూడా అలాంటివాడే. జాతర రోజున అందరం వాంతులు చేసుకుంటుంటే నవ్వుతూ నిలబడ్డాడు.

ఇంత విన్నాక, అయితే అంతా నుదుటి రాతేనా అంటారేమో. నా జవాబు మన రెండు రాష్ట్రాల లెక్కల్లోనే ఉంది. 2019 నుంచి 21 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో తాగుతామన్నవారు 43 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. అమ్మాయిని ఇటిచ్చి అటు చేసుకునే జనం మనం. కృష్ణా నది అడ్డంగా పారినంత మాత్రాన జీన్లు మారిపోవు. మారింది కల్లు చుట్టూ ఉన్న ఆచారం, కొట్టు ఎంత దూరంలో ఉందన్నది, ధర, పండక్కి పెద్దవాళ్ళు ముందు కూర్చోబెట్టి పోస్తారా లేదా అన్నది. ఫిన్లాండులో కవలల్ని చూసినవాళ్ళు కూడా ఇలాంటిదే చెప్పారు. పధ్నాలుగేళ్ళకు మొదలుపెట్టడమా లేదా అన్నది చాలావరకు ఇల్లూ వాడా నిర్ణయిస్తాయి. మొదలుపెట్టాక ఎంతదాకా పోతాడన్న దానిలో వయసు పెరిగే కొద్దీ జీన్ల వంతు పెరుగుతుంది. ఆ జీన్లు సైతం పల్లెల్లోకన్నా పట్టణాల్లో ఎక్కువగా పడగ విప్పుతాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు 1992లో సారా కొట్టు మీదికి వెళ్ళినప్పుడు ఎవరి డి.ఎన్.ఎ.నీ మార్చలేదు. మరుసటి ఏడాది అక్టోబరుకల్లా అప్పటి ఉమ్మడి రాష్ట్రమంతా సారా బందయింది.

ఇక ఇంట్లో దూకుడు పిల్లవాడు, లేక పిల్ల ఉన్న తల్లిదండ్రులతో ఒక మాట. భయపెట్టడం మానండి. లివరు చెడిపోతుందనీ, చచ్చిపోతావనీ చెబితే నాలాంటి పిరికివాడు ఆగుతాడు. దూకుడువాడికైతే ముప్పు పేరు వింటేనే కళ్ళు మెరుస్తాయి. సినిమా తెర మూలన వచ్చే హెచ్చరిక వాడి కోసం రాసింది కాదు. పెళ్ళి చేస్తే మారతాడనే పాత వైద్యం అంతకన్నా అన్యాయం, ఎవరి ఇంటి ఆడపిల్లో ఎందుకు మందు బిళ్ళ కావాలి? పెట్రీషియా కాన్‌రాడ్ అనే శాస్త్రవేత్త లండన్ బడుల్లో వేరే పద్ధతి ప్రయత్నించింది. పిల్లల్ని స్వభావం బట్టి విడదీసి, ఎవరి స్వభావం వాళ్ళకు తెలిసేలా, దాన్ని ఎలా నడుపుకోవాలో నేర్పేలా తొంభై నిమిషాల చొప్పున రెండే తరగతులు పెట్టింది. ఆ తరగతులు తీసుకున్నది శిక్షణ పొందిన బడి టీచర్లే. ఆ పిల్లల్లో రెండేళ్ళ తర్వాత కూడా తాగుడు తక్కువగా ఉందని 2013లో ప్రకటించారు. దూకుడును అణచమని ఆమె చెప్పలేదు. దాన్ని ఆ పిల్లలకే పరిచయం చేసింది.

నాలుగు పాయల సంగతి గుర్తుందా? కొండలెక్కే పాయకు సీసాతో ముడి తక్కువ. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకు, 2014 మే 25న, ఎవరెస్టు ఎక్కింది. తోటి గురుకుల విద్యార్థి ఆనంద్ కుమార్ ఆమెతోనే ఎక్కాడు. వాళ్ళ ముందు ఎవరో ఒక కొండను పెట్టారు. మా ఊళ్ళో మావాడి ముందు ఎవరూ ఏదీ పెట్టలేదు, జాతరా సారా తప్ప. కబడ్డీ కోర్టు, ఈత పోటీ, ఎన్.సి.సి., ట్రెక్కింగు, ఏదైనా సరే, ఒంటికి చెమటా గుండెకు దడా పుట్టించేది ఒకటి మీవాడికి అందేలా చూడండి. మొదటి గుక్కను వీలైనంత వెనక్కి నెట్టండి. ఇప్పటికే బాగా తాగే మనిషి ఇంట్లో ఉంటే, ఒక్కసారిగా సీసా లాక్కుని గదిలో పెట్టి తాళం వెయ్యకండి. ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు దగ్గరుండి మాన్పించాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలిమానస్ అనే ప్రభుత్వ సహాయ కేంద్రంలో తెలుగులోనే మాట్లాడతారు, పగలైనా రాత్రైనా, డబ్బు కట్టక్కర్లేదు.

మావాడు బతికే ఉన్నాడు. రెండుసార్లు మానేసి మళ్ళీ మొదలుపెట్టాడు, మూడోసారి నిలబడ్డాడు. పన్నెండేళ్ళయింది. ఇప్పుడు ఎవరింట్లో పాము దూరినా వాడికే ఫోను చేస్తారు. కర్రా సంచీ పట్టుకుని అర్ధరాత్రైనా వస్తాడు. పోయిన వానాకాలం మా పెరట్లో నాగుపామును పట్టాడు, నేను అరుగు దిగలేదు.